ప్రిడిక్షన్ పాతబడిందా? పీహెచ్‌డీకి లాంగ్వేజ్ మోడల్సే దారా?

అడిగిన ప్రశ్న, కుదించి: ఎం.టెక్‌లో పంట ఆకుల ఫోటోలు చూసి తెగులు గుర్తుపట్టే మోడల్ చేశాను, 98.6 శాతం అక్యురసీ వచ్చింది. ఇంటెలిజెంట్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీ చేయాలనుంది. ప్రిడిక్షన్ (డేటా చూసి ముందే అంచనా చెప్పడం) పని అయిపోయింది, ఇక అంతా చాట్‌జీపీటీ లాంటి లాంగ్వేజ్ మోడల్సే అంటున్నారు సీనియర్లు. ట్రస్ట్ అనే మాట కూడా ఎక్కడ చూసినా వినిపిస్తోంది, అది కంప్యూటర్ సైన్సో సోషల్ సైన్సో తెలియడం లేదు. మా దగ్గర మోడల్స్ ట్రైన్ చేసే పెద్ద జీపీయూలు లేవు. ఏ దారి పట్టాలి?

ఈ ప్రశ్న అడ్మిషన్ల రోజుల్లో ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మీరు మీ పరిస్థితి వివరంగా రాశారు కాబట్టి నేనూ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నేను ఈ రంగంలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మొదటి సగం ఆసుపత్రి రికార్డులు, పంటల డేటా మీద ప్రిడిక్షన్. రెండో సగం తెలుగు మాటని అక్షరంలోకి మార్చడం, తెలుగులో అడిగిన ప్రశ్నలకి జవాబు వెతకడం. అప్పట్లో రంగం మారాననే అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, రెండు చోట్లా నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే. మెషీన్ ఒక మాట చెబుతుంది. ఆ మాట మీద ఒక మనిషి డబ్బో, పంటో, ప్రాణమో పెడతాడు. ఆ మాట ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో అతనికి ఎలా తెలుస్తుంది? మీరు మూడు దారులు అనుకుంటున్నవి ఈ ప్రశ్న దగ్గర కలుస్తాయి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

ముందు మీ 98.6 సంగతి. డేటా ఎక్కడిదో మీరు రాయలేదు. ఆకుల ఫోటోలు, 98 దాటిన అక్యురసీ అనగానే ప్లాంట్‌విలేజ్ అనే అందరికీ దొరికే ఫోటోల డేటా అయి ఉంటుందనుకుంటున్నాను. 2016లో మొహంతీ, హ్యూస్, సలాథే దాని మీద రాసిన పేపర్ మన కాలేజీల్లో సగం ప్రాజెక్టులకి మూలం. 54,306 ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్ళు, 99.35 శాతం అక్యురసీ. ఈ అంకె అందరికీ తెలుసు. అదే పేపర్లో ఇంకో అంకె ఉంది, దాన్ని ఉదహరించేవాళ్ళు తక్కువ. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోల మీద అదే మోడల్‌ని పరీక్షిస్తే అక్యురసీ 31 శాతానికి పడిపోయింది. ఆ మాట రచయితలే నిజాయితీగా రాసి పెట్టారు.

ఎందుకు పడిపోయిందో 2022లో వచ్చిన మరో చిన్న పేపర్ చూపించింది. ప్లాంట్‌విలేజ్ ఫోటోలు ఆకుని కోసి, సాదా కాగితం మీద పెట్టి తీసినవి. ఒక్కో తెగులుకి చెందిన ఫోటోలు దాదాపు ఒకే వెలుతురులో, ఒకే విధంగా తీసి ఉంటాయి. ఆ పేపర్ రాసినాయన ఆకుని అసలు చూడనివ్వకుండా, బ్యాక్‌గ్రౌండ్‌లోని 8 పిక్సెల్స్ మాత్రమే ఇచ్చి మోడల్‌ని ట్రైన్ చేశారు. పంట, తెగులు జతలు, తెగులు లేని ఆకులు కలిపి 38 తరగతులు, వాటిలో గుడ్డిగా చెబితే 2.6 శాతం రావాలి. ఆయనకి 49 శాతం వచ్చింది. ఆకు కనపడకుండానే తెగులు పేరు సగం సార్లు సరిగ్గా చెప్పిందంటే, మనం కొలుస్తున్నది వేరే ఏదో అన్నమాట.

మీరు ఈ పని ఇంట్లో కూర్చుని ఈ వారమే చేయొచ్చు. మీ ఫోటోల నాలుగు మూలల నుంచి చిన్న ముక్కలు కత్తిరించండి. వాటితోనే మోడల్‌ని మళ్ళీ ట్రైన్ చేయండి. వచ్చిన అంకె గుడ్డి అంచనా కంటే బాగా ఎక్కువ ఉంటే మీ 98.6లో కొంత భాగం కాగితానిది, ఆకుది కాదు. దీనికి బాధపడకండి. ఆ తేడా ఎంతో కొలిచి రాస్తే, అది మీ మొదటి పేపర్ కంటే విలువైన పేపర్ అవుతుంది.

ఈ తప్పు నేను ఆకులతో చేయలేదు, మనుషులతో చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రి డేటాతో, వార్డులో ఉన్న పేషెంట్లలో ఎవరిని ఐసీయూకి మార్చాల్సి వస్తుందో ముందే చెప్పే మోడల్ చేశాం. అంకెలు చాలా బాగున్నాయి. ఆ ఫలితాలు చూపిస్తూ, అన్నిటికంటే ఎక్కువ పనికొస్తున్న కాలమ్ ఇదీ అని ఒక రక్త పరీక్ష పేరు చెప్పాను. వెనక కూర్చున్న హెడ్ సిస్టర్ లేచి మెల్లగా అడిగారు. "సార్, ఆ టెస్టుకి రక్తం తీసేదే పేషెంటు పరిస్థితి బాగోలేదని మాకు అనిపించాక కదా?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. మోడల్ కనిపెట్టినదల్లా ఆవిడ కనిపెట్టినదే. ఆవిడకి అనుమానం వచ్చిన గంటకి, ఆవిడ అనుమానాన్నే తిరిగి ఆవిడకి చెబుతోంది. ఆ కాలమ్ తీసేశాక అంకె ఎంత పడిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఏ డేటా ముట్టుకున్నా నేను వేసే మొదటి ప్రశ్న ఒకటే: ఈ విలువ ఈ గడిలోకి ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఎక్కించారు?

మోడల్‌కి ముందే తెలియకూడని జవాబు ఇలా డేటాలోంచి కారిపోవడాన్ని డేటా లీకేజ్ అంటారు. నా ఒక్కడికే జరిగింది కాదు. సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో వేసిన లెక్కలో 17 శాస్త్ర రంగాల్లో 294 పేపర్లు లీకేజ్ వల్ల దెబ్బతిన్నాయని తేలింది. కోవిడ్ సమయంలో ఛాతీ ఎక్స్‌రే, సీటీ స్కాన్లతో జబ్బు చెప్పే మోడల్స్ కుప్పలుగా వచ్చాయి గదా. కేంబ్రిడ్జ్ వాళ్ళు 2,212 పేపర్లు పోగేసి, వడపోసి, చివరికి 62 మిగిల్చి లోతుగా చదివి 2021లో రాసిన మాట: ఆసుపత్రిలో వాడదగ్గది ఒక్కటీ లేదు. కొన్నిటిలో కోవిడ్ లేనివాళ్ళ ఫోటోలుగా చిన్నపిల్లల ఎక్స్‌రేలు పెట్టారు. మోడల్ నేర్చుకున్నది పెద్దవాళ్ళనీ పిల్లలనీ వేరు చేయడం. ఆ పేపర్లు రాసినవాళ్ళు కూడా మంచి ఉద్దేశంతో, రాత్రింబవళ్ళు పనిచేసినవాళ్ళే. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

కాబట్టి ప్రిడిక్షన్ అయిపోయిందన్న మాట నేను ఒప్పుకోను. బెంచ్‌మార్క్ (అందరూ మోడల్స్‌ని పోల్చుకునే ఉమ్మడి పరీక్ష) మీద ఇంకో అర శాతం పెంచే పని అయిపోయి ఉండొచ్చు. పొలంలో నిలబడే ప్రిడిక్షన్ ఇంకా మొదట్లోనే ఉంది.

ఒక ఉదాహరణ మన దగ్గరిదే. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది. మన రైతులు ఏళ్ళ తరబడి చూసిన తామర పురుగు ఆకుల మీద ఉంటుంది. ఇది బయటి నుంచి వచ్చిన వేరే జాతి, నేరుగా పూతలోకి దూరింది. పూత రాలిపోయింది, తోటలకి తోటలే పీకేసినవాళ్ళున్నారు. ఇప్పుడు 2020 నాటి ఫోటోలతో ట్రైన్ చేసిన మోడల్‌కి ఆ పూత ఫోటో చూపించారనుకోండి. దానికి తెలిసిన తరగతుల్లో ఈ పురుగు లేదు. కానీ మోడల్ చివర ఉండే సాఫ్ట్‌మ్యాక్స్ లెక్క నూటికి నూరు శాతాన్ని తెలిసిన తరగతుల మధ్యే పంచాలి. కనుక అది ఏదో ఒక పాత పేరు చెబుతుంది, 90 శాతం నమ్మకంతో చెప్పినా చెబుతుంది. రైతు ఆ పేరు పట్టుకుని షాపుకెళ్తాడు. ఆ మందు పనిచేయదు. మళ్ళీ ఇంకో మందు కొంటాడు.

ఆ క్షణంలో మోడల్ చేయాల్సింది "ఇది నాకు తెలిసిన వాటిలో లేదు, ఏఈఓకి (వ్యవసాయ విస్తరణ అధికారికి) చూపించండి" అనడం. ఈ ఆలోచన కొత్తది కాదు. సి.కె. చౌ అనే శాస్త్రవేత్త 1970లోనే లెక్క కట్టారు: తప్పు చెప్పడానికి ఎంత మూల్యం, చెప్పకుండా ఊరుకోవడానికి ఎంత మూల్యం, ఆ రెండిటినీ తూచి ఎక్కడ ఆగాలో నిర్ణయించవచ్చని. ఐదు దశాబ్దాలు గడిచినా మన ప్రాజెక్టు రిపోర్టుల్లో "జవాబు చెప్పను" అనే గడి కనపడదు. మీ మోడల్‌కి ఆ గడి పెట్టండి. పది శాతం ఫోటోలకి జవాబు ఇవ్వకపోతే మిగతా వాటిలో తప్పులు ఎంత తగ్గాయి, ఇరవై శాతానికి ఇవ్వకపోతే ఎంత తగ్గాయి, ఆ గీత గీసి చూడండి. తర్వాత, తనకి 90 శాతం నమ్మకముందని మోడల్ చెప్పిన ఫోటోలన్నీ ఒక పక్కకి తీసి, అందులో నిజంగా 90 శాతం సరైనవేనా లెక్కపెట్టండి. దీన్నే కాలిబ్రేషన్ అంటాం. ఆధునిక న్యూరల్ నెట్‌వర్కులు తమ సామర్థ్యం కంటే ఎక్కువ ధీమా చూపిస్తాయని గువో బృందం 2017లో చూపించింది. దాన్ని సరిదిద్దే మార్గాల్లో ఒకటి కేవలం ఒకే ఒక్క అంకెను సర్దడం. జీపీయూ అక్కర్లేదు, లాప్‌టాప్ చాలు.

అక్యురసీ ఒక్కటే చూసేవాళ్ళని ముంచే చిన్న లెక్క ఇంకోటి ఉంది, అది కూడా చెప్పి ముందుకెళ్తాను. వెయ్యి మొక్కల్లో 20కి తెగులుందనుకోండి. మీ మోడల్ తెగులున్న వాటిలో 95 శాతం, లేని వాటిలో 95 శాతం సరిగ్గా చెబుతుంది. వినడానికి బాగుంది. 20లో 19 పట్టుకుంటుంది. మిగతా 980లో 49 మంచి మొక్కలకి కూడా తెగులుందంటుంది. మొత్తం 68 హెచ్చరికలు, అందులో నిజమైనవి 19. నాలుగు సార్లు పొలం చుట్టూ తిరిగితే మూడు సార్లు ఏమీ కనపడదు. అయిదోసారి ఆ రైతు ఫోన్ తెరవడు. ట్రస్ట్ గురించి పెద్ద సిద్ధాంతాలు చదవకముందే ఈ లెక్క కాగితం మీద వేసుకోండి.

మెషీన్ బాగున్నా చుట్టూ ఉన్న పరిస్థితి దాన్ని ఓడించగలదు. షుగర్ వల్ల కంటికి వచ్చే రెటినోపతిని ఫోటోలో గుర్తుపట్టే గూగుల్ మోడల్ 2016లో వచ్చింది. 1,28,175 రెటీనా ఫోటోలతో తయారైంది, వాటిలో మన దేశపు కంటి ఆసుపత్రుల ఫోటోలూ ఉన్నాయి. కంటి డాక్టర్లతో సమానంగా చెప్పింది. దాన్ని థాయిలాండ్‌లో 11 క్లినిక్‌లలో పెట్టి చూసిన పరిశోధకులు 2020లో రాసినది చదవండి. మొదటి నెలల్లో తీసిన 1,838 ఫోటోల్లో 21 శాతాన్ని మోడల్ బాగోలేవని తిప్పికొట్టింది. చాలా క్లినిక్‌లలో గది చీకటి చేసే వీలు లేదు. ఫోటో తిరస్కరించాక పేషెంటు వేరే రోజు పని మానుకుని వేరే ఆసుపత్రికి పోవాలి. చూడండి, ఇక్కడ మోడల్ "చెప్పను" అనే అంది, అయినా ఇబ్బందే వచ్చింది. "చెప్పను" అన్న తర్వాత ఆ మనిషి ఎక్కడికి పోవాలో కూడా మన డిజైన్‌లో భాగమే. నా మొదటి పదేళ్ళలో ఈ ముక్క నాకు తెలిసుంటే చాలా మేలు జరిగేది.

మంచి వైపు కూడా ఒకటి చెప్పాలి. 2016 ఖరీఫ్‌లో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకి విత్తనం ఎప్పుడు వేయాలో ఎస్సెమ్మెస్ ద్వారా తెలుగులో చెప్పారు. తొలి జల్లు పడగానే వేయొద్దు, జూన్ చివరి వారం దాకా ఆగండి అన్నది సలహా. సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ప్రకటించారు. రీసెర్చర్‌గా నేను ఆ 30ని వెంటనే తలకెక్కించుకోను. ఎవరితో పోల్చారు, ఆ ఏడు వాన ఎలా పడింది, సలహా పాటించినవాళ్ళు ముందు నుంచే మెరుగైన రైతులా అని అడుగుతాను. కానీ ఆ పని నిర్మాణం నాకు చాలా ఇష్టం. రైతు ఎలాగూ తీసుకోవాల్సిన ఒకే ఒక్క నిర్ణయం, విత్తే తేదీ. దానికి సరిపడా ఒకే ఒక్క జవాబు. మామూలు ఫోన్లో, అతని భాషలో. మీ పీహెచ్‌డీ టాపిక్‌కి కూడా ఇదే పరీక్ష పెట్టండి: ఎవరు, ఏ రోజు, ఏ నిర్ణయం తీసుకుంటారు? ఆ వాక్యం రాయలేకపోతే టాపిక్ ఇంకా దొరకలేదని అర్థం.

ఇక భాష. లాంగ్వేజ్ మోడల్ కూడా తర్వాతి ముక్క ఏమిటో ప్రిడిక్ట్ చేసేదే కాబట్టి మీరు నేర్చుకున్నది ఏదీ వృథా పోదు. కానీ తెలుగు దగ్గరికి వచ్చేసరికి కొన్ని సంగతులు ఇంగ్లీషు పేపర్లు చదివితే తెలియవు.

మొదటిది ముక్కల గొడవ. ఇంగ్లీషులో పత్తిని "కాటన్" అని రాయడానికి ఆరక్షరాలు, ఆరు బైట్లు. మన "పత్తి"లో యూనికోడ్ లెక్కన ప, త, పొల్లు, త, గుడి: అయిదు గుర్తులు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 15. మోడల్ చదవడానికి వాక్యాన్ని ముక్కలు చేసే భాగాన్ని టోకెనైజర్ అంటారు. ఇంగ్లీషు కోసం తయారైన టోకెనైజర్లు తెలుగు మాటని ఇలా పొడిపొడి చేసేస్తాయి. అదే వాక్యానికి ఎక్కువ ముక్కలు, ఎక్కువ ఖర్చు, మోడల్ ఒకేసారి చూడగల నిడివి తక్కువ. పైగా మనది అతుకుల భాష. "చేయలేకపోతున్నానంటే" ఒక్క మాట, ఇంగ్లీషులో అది వాక్యమంత. దీని మీద హైదరాబాద్ యూనివర్సిటీలోనూ ఐఐఐటీలోనూ దశాబ్దాల నాటి పదవిశ్లేషణ పని ఉంది. ఇప్పటి విద్యార్థులు పాతదని దాన్ని చదవరు. చదవండి, మీకు దొరికే సగం ఐడియాలు అందులో ఉన్నాయి.

రెండోది నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. వరంగల్ దగ్గర ఒక ఊళ్ళో మా వాయిస్ సిస్టమ్‌ని పరీక్షిస్తున్నాం. ఏఈఓ ఫోన్లో చెప్పే సలహాని అక్షరంలోకి మార్చి, దాచిపెట్టి, తర్వాత అడిగిన రైతుకి వినిపించాలి. వర్డ్ ఎర్రర్ రేట్ (నూరు మాటల్లో ఎన్ని తప్పు రాసిందనే లెక్క) బాగా తగ్గిందని మేమంతా సంతోషంగా ఉన్నాం. రికార్డింగులో ఆయన అన్నది: "మబ్బు పట్టింది, ఇయ్యాల మందు కొట్టొద్దు." మా సిస్టమ్ రాసింది: "మబ్బు పట్టింది, ఇయ్యాల మందు కొట్టొచ్చు." వెనక ట్రాక్టర్ చప్పుడు, ఒక్క హల్లు తేడా. ద్దు, చ్చు. పది యూనికోడ్ గుర్తుల్లో రెండు మారాయి. ఎర్రర్ రేట్ లెక్కలో అది ఒక్క మాట తప్పు. "వచ్చిండు"ని "వచ్చాడు" అని రాసినా ఒక్క మాట తప్పే. రెండిటికీ ఒకే మార్కు పోతుంది. ఒకటి యాస తేడా, ఇంకోటి రైతు మందంతా వానలో కొట్టుకుపోయే తేడా. మా ఏఈఓ అది చదివి, "ఇది నేను చెప్పినట్టు ఊళ్ళోకి పోతే రేపు నా ముఖం ఎవరు చూస్తరు సార్?" అన్నాడు. అప్పటి నుంచి కాదనడం, వద్దనడం ఉన్న మాటల మీద తప్పుల్ని మేం విడిగా లెక్కపెడుతున్నాం.

అంకెలూ అంతే. మన నోట్లో "ఒకటిన్నర" ఉంటుంది, "ముప్పావు" ఉంటుంది, "పావు తక్కువ రెండు" ఉంటుంది. చివరిది అక్షరాలా రాస్తే సిస్టమ్ "రెండు" ఒక్కటే పట్టుకుంటుంది. ఇక రైతు అడిగేది "పంపుకెంత పొయ్యాలె సారూ" అని. పుస్తకంలో ఉండేది లీటరుకి ఇన్ని మిల్లీలీటర్లు, లేదంటే ఎకరాకి ఇంత. లీటరుకి 2 మిల్లీలీటర్లయితే 16 లీటర్ల పంపుకి 32. ఈ చిన్న గుణకారం చేయకుండా లాంగ్వేజ్ మోడల్ పుస్తకంలో వాక్యాన్ని చక్కటి తెలుగులో అప్పజెప్పి ఊరుకుంటే, రైతు దాన్ని పంపు లెక్కే అనుకోవచ్చు. అప్పుడు పదహారో వంతు మందు పడుతుంది. చెప్పిన ప్రతి మాటా నిజమే, జవాబు మాత్రం తప్పు. ఇలాంటివి పట్టుకునే పరీక్ష ప్రశ్నలు తెలుగులోనే పుట్టాలి, ఇంగ్లీషు బెంచ్‌మార్క్‌ని అనువదిస్తే రావు. 2020లో వచ్చిన టైడీ క్యూఏ అనే ప్రశ్న-జవాబుల పరీక్షలో తెలుగు సహా 11 భాషల ప్రశ్నల్ని అనువదించకుండా, జవాబు తెలియని మాతృభాషీయులతోనే నేరుగా రాయించారు. ఆ పద్ధతి అనుసరించదగ్గది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ పరిశోధన బృందం 2023లో 22 షెడ్యూల్డ్ భాషలకీ అనువాద మోడల్ ఇండిక్‌ట్రాన్స్2 ఇచ్చింది, అందరికీ అందుబాటులో ఉంది. పునాది పడింది. దాని మీద వ్యవసాయం, ఆరోగ్యం, రేషన్, పింఛను లాంటి పనుల కోసం నిఖార్సైన పరీక్షలు కట్టే మనుషులు కావాలి.

ఇప్పుడు భాష నుంచి ట్రస్ట్‌కి. ఐదారేళ్ళ కిందటి వరకూ మెషీన్ తెలుగు ముక్కలు ముక్కలుగా ఉండేది. అది ఒక రకంగా కాపాడింది, వినగానే మనిషి జాగ్రత్త పడేవాడు. ఇప్పుడు వాక్యం నున్నగా వస్తోంది. నున్నగా మాట్లాడేవాళ్ళని నమ్మడం మనుషుల అలవాటు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులు ఉదహరించారు. ఆ తీర్పులు అసలు లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. చదువుకున్న లాయర్లకి, వాళ్ళ సొంత భాషలో, వాళ్ళ సొంత వృత్తిలో జరిగింది ఇది. జీపీటీ-4తో పాటు ఓపెన్‌ఏఐ విడుదల చేసిన టెక్నికల్ రిపోర్టులో ఒక గ్రాఫ్ ఉంది, మీరు తప్పక చూడాలి. మొదటి దశ ట్రైనింగ్ అయిన మోడల్ కాలిబ్రేషన్ బాగుంది, మనుషులకి నచ్చేలా తర్వాత మలిచాక అది తగ్గింది.

ఇక్కడే తెలుగువాళ్ళకి మాత్రమే కనపడే మంచి పరిశోధన ఒకటి ఉందని నా నమ్మకం. రేపటి వాన గురించి మనం ఎన్ని రకాలుగా చెబుతామో చూడండి. వర్షం పడుతుంది. పడొచ్చు. పడుతుందేమో. పడుతుందట. పడేలా ఉంది. "పడేలా ఉంది" అన్నవాడు ఆకాశం వైపు చూసి ఉంటాడు. "పడుతుందట" అన్నవాడు ఎవరో చెబితే విన్నాడు. వాక్యం చివర ఒక్క ముక్కతో, ఈ మాట నాకు ఎక్కడ దొరికింది, నేనెంత పూచీ పడుతున్నాను, రెండూ చెప్పేస్తాం. లాంగ్వేజ్ మోడల్‌ని అడిగితే చాలాసార్లు "పడుతుంది" పద్ధతిలోనే సమాధానం. ఒక డాక్యుమెంట్ వెతికి చూసి చెబుతున్నప్పుడు "అట" వాడాలా? మోడల్ లోపల నమ్మకం 60 శాతం ఉన్నప్పుడు "ఏమో" సరిపోతుందా, "కాబోలు" సరిపోతుందా? "పడుతుందేమో" వింటే అనంతపురం రైతు ఎంత శాతం అనుకుంటాడు, శ్రీకాకుళం రైతు ఎంత అనుకుంటాడు? అమెరికా గూఢచారి విశ్లేషకుడు షెర్మన్ కెంట్ 1951లో యుగోస్లావియా మీద ఇచ్చిన ఒక నివేదికలో "గట్టి అవకాశం" లాంటి మాట వాడి, తర్వాత దాన్ని రాసిన బృందంలోని వాళ్ళనే అడిగితే ఒకరు 20 శాతమని, ఇంకొకరు 80 శాతమని అనుకున్నట్టు తేలింది. 1964లో ఆయన ఆ అనుభవం రాశారు. ఇంగ్లీషులో ఆ దారి వెంట చాలా పని జరిగింది. తెలుగులో దీనికి కావాల్సింది ఓపిక, యాసలు తెలిసిన చెవి, నాలుగు జిల్లాల్లో తిరిగే కాళ్ళు. ఇంతకంటే మంచి థీసిస్ టాపిక్ నేను మీకు ఇవ్వలేను.

మీరు ట్రస్ట్ సోషల్ సైన్సా అని అడిగారు. రెండూ. జాన్ లీ, కత్రీనా సీ 2004లో రాసిన పేపర్ ఇప్పటికీ మొదటి మెట్టు. వాళ్ళ మాట సూటిగా చెప్పాలంటే, నమ్మకం పెంచడం లక్ష్యం కాదు, సిస్టమ్‌కి ఎంత సత్తా ఉందో అంతకి సరిపడా నమ్మకం ఉండేలా చేయడం లక్ష్యం. పనికిరానిదాన్ని నమ్మినా నష్టమే, పనికొచ్చేదాన్ని నమ్మకపోయినా నష్టమే. అందుకే "మా యాప్ వల్ల యూజర్ల ట్రస్ట్ పెరిగింది" అని సర్వే ఫలితం పెట్టే పేపర్లంటే నాకు గిట్టదు. యాప్ తప్పు చెప్పినప్పుడు కూడా ట్రస్ట్ పెరిగిందా అని ఆ సర్వే అడగదు.

దీని బరువు తెలియాలంటే రేషన్ కార్డుల సంగతి చూడండి. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లు, చిరునామాలు సరిపోల్చి ఇవన్నీ ఒకే మనిషివి అని జత చేస్తుంది. కారున్న మనిషి వేరు, ఈ కార్డున్న మనిషి వేరు అయినా జత కలిసిపోతే రేషన్ పోతుంది. అలా పోగొట్టుకున్న కుటుంబాల గురించి 2024లో అల్ జజీరా పరిశోధనా కథనం ప్రచురించింది. రద్దయిన కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022లోనే ఆదేశించింది. ఇది మీ ప్రశ్నలోని మూడూ కలిసిన చోటు. జత కలపడం ప్రిడిక్షన్. పేరు భాష: మన "లక్ష్మి"ని ఇంగ్లీషులో ఒక ఆఫీసులో ఎక్స్ పెట్టి రాస్తారు, ఇంకో ఆఫీసులో కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరం. దాని మీద బియ్యం ఆపేయడం ట్రస్ట్. తెలుగు పేర్ల జతలో తప్పు ఎంత శాతం, ఏ కులాల, ఏ ప్రాంతాల పేర్ల దగ్గర ఎక్కువ, ఏ హద్దు దాటితే మనిషి చూడాల్సిందే అని తేల్చే పనికి పెద్ద జీపీయూ ఏమీ అక్కర్లేదు.

జీపీయూల ప్రశ్నకి అందులోనే సమాధానం వచ్చేసింది. సొంతంగా పెద్ద మోడల్ తయారు చేసే పందెంలోకి దిగకండి, దాన్ని యూనివర్సిటీలు గెలవలేవు. ఉన్న మోడల్స్‌ని కొలిచే పని, చిన్న మోడల్‌ని ఒక పనికి మలిచే పని, డేటా శ్రద్ధగా పోగేసే పని, ఇవి మూడూ ఒక మామూలు ల్యాబ్‌లో అవుతాయి. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేపర్ల సంఖ్య చూడకండి. ఆయన దగ్గర చదివినవాళ్ళకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "మీ ఫలితం తప్పని తేలినప్పుడు సార్ ఏమన్నారు?" జవాబు చెప్పడానికి వాళ్ళు ఎంతసేపు తటపటాయిస్తారో గమనించండి.

మీ పీజీ పేపర్ ఇంకా జర్నల్‌కి పంపలేదంటే ఒక నెల ఆగండి. మూలల ముక్కల పరీక్ష చేయండి. తర్వాత మీకు దగ్గర్లో ఉన్న రెండు మండలాల్లో, వేర్వేరు రోజుల్లో, మామూలు ఫోన్‌తో, ఆకు కోయకుండా చెట్టు మీదే రెండొందల ఫోటోలు తీయండి. ఉదయం కొన్ని, మిట్టమధ్యాహ్నం కొన్ని. తెగులు పేరు మీరు పెట్టకండి, ఇద్దరు ఏఈఓల చేత విడివిడిగా పెట్టించండి, వాళ్ళిద్దరూ ఎక్కడ విభేదించారో రాసి పెట్టుకోండి. ఆ ఫోటోల మీద మీ మోడల్‌కి ఎంత వచ్చిందో ఇక్కడే కింద రాయండి. అంకె 40 అయినా సరే రాయండి, అక్కడి నుంచి ఏం చేయాలో కలిసి చూద్దాం.